వదినకి పాట వినపడటం లేదు, నేనేం చెయ్యాలి?

ప్రశ్న:

అక్కా, నమస్తే. మాది నెల్లూరు, స్టోన్‌హౌస్‌పేట. నాకు 58 ఏళ్ళు. పెళ్ళయి ఈ వీధికి కాపురానికొచ్చింది 1989లో. పక్కింటావిడ నాకంటే ఐదేళ్ళు పెద్ద. చుట్టరికం ఏమీ లేదు, వదినా అని పిలుస్తాను. నేనొచ్చిన వారానికే ఒకరోజు ఆవిడ పెరట్లో గిన్నెలు తోముకుంటూ ఏదో పల్లవి తీస్తోంది. గోడకి ఇటుపక్క బట్టలు పిండుతున్న నేను ఊరుకోలేక చరణం అందుకున్నాను. ఆవిడ గోడ మీదుగా తొంగిచూసి, "ఎవరమ్మా నువ్వు, పాటలొచ్చే పిల్లలా ఉన్నావే" అంది. అలా మొదలైంది, 36 ఏళ్ళయింది.

రేడియో అయింది, టేపురికార్డరు అయింది, 1996 నుంచి వాళ్ళింట్లో కలర్ టీవీ ముందు కూర్చుని 'పాడుతా తీయగా' అయింది. నచ్చిన పాటలన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్కులో రాసుకునేవాళ్ళం. ఒక పేజీ ఆవిడ చేతిరాత, ఒక పేజీ నాది. 2009లో అన్నయ్య, అంటే వాళ్ళాయన, గుండెపోటుతో పోయినప్పుడు ఆవిడ కర్మకాండలన్నీ అయ్యేదాకా కంట తడి పెట్టలేదు. నెల తర్వాత మా ఇంట్లో రేడియోలో ఆయనకిష్టమైన పాట వచ్చింది. నేను కట్టేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. పాట అయ్యేదాకా నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. 2020లో బాలుగారు పోయిన రోజు కరోనా భయంతో ఒకరింటికి ఒకరం వెళ్ళలేక, మాస్కులు కట్టుకుని గోడకి అటొకరం ఇటొకరం నిలబడి ఏడ్చాం.

ఇప్పుడు రెండు మూడేళ్ళుగా వదినకి వినికిడి తగ్గింది. పోయిన సంవత్సరం వాళ్ళబ్బాయి చెవి మిషన్లు పెట్టించాడు. మాటలు కొంచెం నయం. పాట మాత్రం "రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టుంది" అంటుంది. నేను వెళితే టీవీ కట్టేస్తుంది. వాట్సాప్‌లో రెండు పాటలు పంపాను, నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మొన్న ఒక పెళ్ళిలో పాటకచేరీ మధ్యలో లేచి వెళ్ళిపోయింది. ఏమైంది వదినా అంటే, "నాకింక పాటలొద్దు. నువ్వు వినుకో పో" అంది.

అప్పట్నుంచి నాకు పాట వినాలంటే తప్పు చేస్తున్నట్టుంది. వింటున్నానని ఆవిడకి తెలియకుండా తలుపేసుకుని, ఫోను సౌండ్ తగ్గించుకుని వింటున్నాను. ఇద్దరం కలిస్తే కూరల ధరలు తప్ప మాట లేదు. పాటలతో కలిసిన స్నేహం పాటలతోనే పోతుందా అక్కా? ఆవిణ్ణి మళ్ళీ పాట దగ్గరికి ఎలా తీసుకురావాలి?

జవాబు:

చెల్లెమ్మా, మీ ఉత్తరం చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. కారణం తర్వాత చెబుతాను. ముందు మీ టెన్షన్ తగ్గే మాట ఒకటి. మీ వదినకి పాటల మీద విరక్తి పుట్టలేదు. మీ మీద కోపమూ లేదు. చెవిలో పడుతున్నది పాటలా లేదు, అందుకని లేచి వెళ్ళిపోయింది. పాటంటే ప్రాణం లేని మనిషయితే ఆ పెళ్ళిలో హాయిగా కూర్చుని విస్తరి వేసేదాకా కబుర్లు చెప్పుకునేది.

'రేకు డబ్బాలో గులకరాళ్ళు' అని ఆవిడ అన్నది ఉత్త చిరాకు మాట కాదు. సరిగ్గా అలాగే వినపడుతుంది. మన లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న భాగం ఒకటి ఉంటుంది. సన్నటి, హెచ్చు శబ్దాల్ని పట్టే కణాలు దాని మొదట్లో, బరువైన శబ్దాల్ని పట్టేవి చివర్లో ఉంటాయి. వయసుతో ముందు దెబ్బతినేవి ఆ మొదట్లో ఉన్నవే. అందుకే పెద్దవాళ్ళకి మనం మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది కానీ ఏమన్నామో తెలియదు. అ, ఆ, ఓ లాంటి అచ్చులు వినపడతాయి. స, శ, త, క లాంటి హల్లులు జారిపోతాయి. ఈ జారిపోయిన సన్నటి శబ్దాల్ని మిషన్ పెద్దవి చేసి పెడుతుంది. ఏళ్ళ తరబడి వాటిని మరిచిపోయిన మెదడుకి అవి ఒక్కసారిగా వచ్చి పడితే ఏమవుతుంది? గిన్నె కిందపెట్టినా, కాగితం నలిపినా, పాటలో తాళాలు మోగినా రేకు మోతే.

ఇంకో సంగతి. చెవి మిషన్ని ముఖ్యంగా మాట కోసం తయారుచేస్తారు. మామూలు మాటలో హెచ్చుతగ్గులు తక్కువ. పాటలో అలా కాదు, ఒకచోట గుసగుసలా ఉంటుంది, ఇంకోచోట కోరస్సు, వాద్యాలు అన్నీ కలిసి పైకి లేస్తాయి. మిషన్ పెద్ద శబ్దాన్ని నొక్కి, చిన్న శబ్దాన్ని లేపి, రెంటినీ ఇంచుమించు ఒక మట్టానికి తెస్తుంది. మాట అర్థం కావటానికి అది మేలే. కానీ గాయకుడు గొంతు బాగా తగ్గించి, గుండెలో ముల్లు గుచ్చినట్టు ఒక మాట అనే చోటు ఉంటుంది చూడండి, ఆ తగ్గుదల కాస్తా పోతుంది. మీ వదిన ఎదురుచూసేది బహుశా ఆ ఒక్క చోటు కోసమే.

ఇప్పుడు ముందు చెప్పలేకపోయిన కారణం. మా నాన్న కందుకూరు దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. ఆయనకి సినిమా పాట పెద్దగా పట్టేది కాదు, పద్యం ప్రాణం. తిరునాళ్ళలో నాటకం వేస్తుంటే తెల్లారేదాకా కదిలేవాడు కాదు. 71వ ఏట మిషన్ పెట్టించాం. అమ్మినతను పది నిమిషాల్లో ఏదో నొక్కి, చెవిలో పెట్టి, "బాగా వినపడుతుందా తాతా" అని అడిగి పంపేశాడు. మూడు రోజులు పెట్టుకున్నాడు. నాలుగో రోజు కళ్ళజోడు పెట్టెలో పెట్టి బీరువాలో పడేశాడు. అంత డబ్బు పోసి కొంటే వాడవేంటి అని నేను నోరు చేసుకున్నాను. ఆయనేమీ అనలేదు. ఏడాది గడిచాక ఒకరోజు తనంతట తనే చెప్పాడు: "పద్యం చివర రాగం తీస్తాడు చూడమ్మా, ఆ చోట గొంతులో నీళ్ళు పోసుకుని పాడినట్టుంటుంది. దానికంటే వినకపోవడమే మేలనిపించింది."

ఆయన అబద్ధం చెప్పలేదని తర్వాత తెలిసింది. మిషన్ పెట్టుకున్నవాళ్ళ చెవి దగ్గరికి చెయ్యి వెళితే కుయ్యిమని కూత వస్తుంది, మీరూ గమనించే ఉంటారు. ఆ కూత రాకుండా లోపల ఒక ఏర్పాటు ఉంటుంది. ఒకే స్థాయిలో సాగే శబ్దం వినపడితే అది కూతేననుకుని చెరిపేయబోతుంది. పాపం దానికి కూతకీ, వేణువుకీ, పద్యం చివరి రాగానికీ తేడా తెలియదు. ఆ చెరిపే ప్రయత్నంలో స్వరం వణికి గుడగుడలాడుతుంది. మా నాన్న ఏడాదిపాటు మోసింది ఆ బాధని. నేనేమో ఆయన్ని మొండివాడు అనుకున్నాను. అది గుర్తొచ్చే మీ ఉత్తరం ముందు కాసేపు ఆగిపోయాను.

చివరికి చెన్నైలో ఒక ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసి మిషన్లు సరిచేసే నిపుణురాలు, చిన్న వయసు అమ్మాయి, మేం ఏ పరీక్ష కాగితం చూపించకముందే "రోజంతా ఏం వింటారు తాతగారూ" అని అడిగింది. పద్యాలు అన్నాడు. అయితే ఒకటి పాడండి అంది. ఆయన పాడాడు. అదే మిషన్లో మాటకి ఒక సెట్టింగు, పాటకి వేరే సెట్టింగు పెట్టి, ఏ మీట నొక్కితే మారుతుందో నేర్పి పంపింది. బయటికొచ్చాక ఆయన అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మునుపటిలా లేదు. కానీ పద్యంలా ఉంది." ఆ పద్యంలా ఉన్నదాన్ని ఇంకో నాలుగేళ్ళు విన్నాడు.

అందుకని మిషన్ విషయంలో మొదటి పని ఇది. వాళ్ళబ్బాయితో మాట్లాడి, మిషన్ పెట్టినవాళ్ళ దగ్గరికి వదినని మళ్ళీ తీసుకెళ్ళండి. మీరూ వెంట వెళ్ళండి, ఎందుకంటే పాటల సంగతి కొడుకు చెప్పడు, ఆవిడ అడగదు. "మాటలు పరవాలేదు, పాట రేకులా ఉంది, పాటలకి వేరే ప్రోగ్రాం పెట్టండి" అని ఈ మాటల్లోనే అడగండి. ఇప్పుడొచ్చే డిజిటల్ మిషన్లలో చాలావాటికి ఆ వీలుంది. కూత ఆపే ఏర్పాటునీ, చుట్టుపక్కల గోల తగ్గించే ఏర్పాటునీ ఆ ప్రోగ్రాంలో తగ్గిస్తారు. ఆవిడకి బాగా వచ్చిన పాట ఒకటి ఫోన్లో తీసుకెళ్ళి అక్కడే వినిపించి, మార్పించి, మళ్ళీ వినిపించండి. ఒక్కసారికే కుదరదు, రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుంది. దానికంటే ముందు చెవుల డాక్టరు చేత గుబిలి ఉందేమో చూపించండి. చిన్న విషయమే, కానీ అది అడ్డుపడితే ఎంత మంచి మిషనైనా పనిచేయదు. మిషన్ రోజూ కొన్ని గంటలు పెట్టుకుంటున్నారో లేదో కూడా కనుక్కోండి. పండక్కీ పబ్బానికీ పెట్టుకుంటే మెదడుకి అలవాటు పడదు. అది కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. (ఆవిడది మెల్లగా తగ్గిన వినికిడి కాబట్టి ఇదంతా చెబుతున్నాను. ఎవరికైనా ఒక్క రోజులో ఒక చెవి మూసుకుపోయినట్టయితే అది వేరే సంగతి, అదే రోజు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.)

ఆ పెళ్ళి కచేరీని మాత్రం మరిచిపోండి. అక్కడ చెవులు బాగున్నవాళ్ళకే తల పగిలిపోతుంది. వినికిడి తగ్గినవాళ్ళతో ఇంట్లో జరిగే గొడవ మీకూ తెలిసే ఉంటుంది. మెల్లగా అంటే వినపడలేదంటారు, కాస్త గట్టిగా అంటే "ఎందుకలా అరుస్తావు" అంటారు. మొండితనం కాదది. దెబ్బతిన్న చెవికి చిన్న శబ్దం అందదు, పెద్ద శబ్దం మాత్రం ఒక్కసారిగా నొప్పి పుట్టేంత పెద్దదవుతుంది. రెంటికీ మధ్య హాయిగా వినగలిగే జాగా ఇరుకైపోతుంది. మీరు పాట వినిపించాల్సింది ఆ ఇరుకు జాగాలోనే.

ఎలాగంటే, పొద్దున్నే ఐదున్నర, ఆరుకి వినండి. మన నెల్లూరు ఎండలకి పగలు ఫ్యాను కట్టేసి కూర్చోవడం అయ్యే పని కాదు, ఫ్యాను తిరుగుతుంటే దాని హోరు కూడా మిషన్లో దూరుతుంది. తెల్లవారుజామున వీధి ఇంకా లేవదు, కుక్కరు కూతలుండవు. చిన్న గదిలో కూర్చోండి. ఫోను సౌండ్ ఎక్కువ పెట్టకండి, మీరనుకున్నదానికంటే తక్కువే పెట్టి, చాలకపోతే మిషన్ సౌండ్ పెంచమనండి. మిషన్లోకి వెళ్ళే శబ్దమే పెద్దదైతే అది లోపలే చితికిపోతుంది, ఆ తర్వాత ఏం చేసినా బాగుపడదు. వాద్యాలు దండిగా ఉన్న పాట వద్దు. ఒక గొంతు, వెనక ఒకటి రెండు వాద్యాలు ఉన్నది పెట్టండి. దరువు స్పష్టంగా ఉంటే ఇంకా మంచిది. తబలా, మృదంగం లాంటి బరువైన శబ్దాలు ఆవిడ చెవికి ఇంకా బాగానే అందుతుంటాయి. దరువు చెయ్యిపట్టుకుని తీసుకెళితే పాట వెనకాలే దొరుకుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆవిడకి కొత్త పాట పెట్టకండి. నోటికొచ్చిన పాటే పెట్టండి. 2005లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు ఒక పని చేశారు. పాటల్లో అక్కడక్కడా ముక్కలు తీసేసి, ఆ చోట నిశ్శబ్దం పెట్టి, వింటున్నవాళ్ళ మెదడు ఎలా పనిచేస్తుందో యంత్రంతో చూశారు. తెలియని పాటయితే నిశ్శబ్దం నిశ్శబ్దంగానే ఉంది. తెలిసిన పాటయితే శబ్దం ఆగినచోట కూడా మెదడులో వినికిడికి సంబంధించిన భాగం పనిచేస్తూనే ఉంది. ఆ ఖాళీలో కూడా పాట సాగినట్టే అనిపించిందని విన్నవాళ్ళే చెప్పారు. మీ వదిన 36 ఏళ్ళుగా, అంతకుముందు నుంచీ, దాచుకున్న పాటలకి చెవి సగం అందిస్తే మిగతా సగం లోపలినుంచి వస్తుంది. రానివ్వడానికి కొంచెం వ్యవధి కావాలి. ఒకే పాట రెండు మూడుసార్లు పెట్టండి.

ఆ లాంగ్ నోట్‌బుక్ ఉందన్నారు చూడండి, అది మీ ఇద్దరి దగ్గరున్న గొప్ప వస్తువు. పాట పెట్టేముందు ఆ పేజీ తీసి ఆవిడ చేతిలో పెట్టండి. కళ్ళు మాటని ముందే చదివితే చెవి దాన్ని తొందరగా పోల్చుకుంటుంది. టీవీలో కింద అక్షరాలు పడుతుంటే మాట తేలిగ్గా అర్థమైనట్టే ఇదీను. మాటలు తేటగా ఉన్న పాటలు ముందు ఎంచుకోండి. మన సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో పుట్టి, మనసు కవి అని పేరు తెచ్చుకున్న ఆత్రేయ లాంటివాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే మాటలతోనే గుండె పిండేశారు కదా, అలాంటివి. ఎవరి చేతిరాతలో ఉన్న పేజీ ఎంచాలో మీకు తెలుసు. నన్నడిగితే ఆవిడ రాసిన పేజీ తీయండి.

వాట్సాప్‌లో పాట పంపడం మానేయండి. ఆవిడ ఒక్కతే కూర్చుని ఫోను స్పీకర్లో ఆ రేకు మోత విని, మీకేం జవాబు రాయాలో తెలియక ఫోను పక్కన పెట్టేసి ఉంటుంది. పాటకి బదులు పల్లవిలో ఒక్క లైను అక్షరాల్లో రాసి పంపండి, కింద ఏమీ రాయకుండా. చరణం అందుకోవడం మొదట మీ వంతయింది, ఇప్పుడు ఆవిడ వంతు కానివ్వండి. రెండు రోజులు జవాబు రాకపోయినా మూడో రోజు ఇంకో లైను పంపండి.

పాట పంపడం కంటే మీరు పాడటం మేలు. నా గొంతు మునుపటిలా లేదక్కా అంటారు. ఉండనక్కర్లేదు. ఎదురుగా, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో కూర్చుని, మామూలు కంటే కింది శ్రుతిలో, నిదానంగా పాడండి. మీ పెదవులు ఆవిడకి కనపడాలి, వెలుతురు మీ ముఖం మీద పడాలి. ఆవిణ్ణి కూడా గొంతు కలపమనండి. మిషన్లు పెట్టుకుని పాడితే తన గొంతే కుండలో తలపెట్టి పాడినట్టుందని అంటే, తీసేసి నోరు మూసుకుని కూనిరాగం తీయమనండి. రాగం ఎముకలో మోగుతుంది, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటే చేతికి తెలుస్తుంది. బాలుగారి నాన్నగారు సాంబమూర్తి గారు మన నెల్లూరులో హరికథలు చెప్పినవారు. హరికథ చూసినవాళ్ళకి తెలుసు, చేతిలో చిడతలూ, కాళ్ళకి గజ్జెలూ, ముఖంలో భావమూ, అన్నీ కలిసి కథ వినిపిస్తాయి. పాట కేవలం చెవితోనే వినేదైతే మన పెద్దవాళ్ళు కథకుడి ముందు అంత దగ్గరగా చాపేసుకుని కూర్చునేవాళ్ళు కాదు.

ఇక మీ అసలు ప్రశ్న, పాటలతో కలిసిన స్నేహం పాటలతోనే పోతుందా అని. దీనికి కూడా ఒక సంగతి చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2015లో ఒక పరిశీలన అచ్చువేశారు. కొత్తగా చేరినవాళ్ళని కొన్ని తరగతుల్లో ఏడు నెలలపాటు గమనించారు. కొందరు కలిసి పాటలు పాడే తరగతి, కొందరు చేతిపనుల తరగతి, కొందరు కథలూ అవీ రాసే తరగతి. పాడినవాళ్ళు మిగతావాళ్ళకంటే చాలా ముందుగా ఒకరికొకరు దగ్గరయ్యారు. ఏడు నెలలయ్యేసరికి మాత్రం మిగతా తరగతులవాళ్ళూ అంతే దగ్గరయ్యారు. అంటే పాట చేసే పని ఏమిటంటే, ఇద్దరు కొత్తవాళ్ళ మధ్య ఉన్న మొహమాటాన్ని తొందరగా తీసేస్తుంది. అది మీ పెరటిగోడ దగ్గర 1989లోనే అయిపోయింది. ఆ తర్వాత మీరు ఒకరి పురుళ్ళకి ఒకరు, ఒకరి చావులకి ఒకరు నిలబడ్డారు. అది పాట మీద ఆధారపడి లేదు.

కానీ ఒకచోట మాత్రం మీ వదినకి పాట లేకపోవడం నిజంగా పెద్ద లోటు. మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన చోటే అది. భర్త పోతే కర్మకాండలన్నీ అయ్యేదాకా ఏడవని మనిషి, నెల తర్వాత ఒక పాట వింటే ఏడ్చింది. కొంతమందికి దుఃఖం నేరుగా రాదు, పాట చెయ్యి పట్టుకుని తీసుకురావాలి. జర్మనీలో ఇద్దరు పరిశోధకులు 2014లో 772 మందిని విషాద గీతాలు మీకేం చేస్తాయని అడిగితే, వాళ్ళు అందరికంటే ఎక్కువగా చెప్పింది దుఃఖం పేరు కాదు, గతం మీద బెంగ. పాతరోజుల మీద తీపి, నొప్పి కలిసిన బెంగ. మీ ఒళ్ళో తల పెట్టుకున్నప్పుడు ఆవిడకి ఆ పాటలో వాళ్ళాయన కనపడ్డాడు. ఇప్పుడు ఆ కిటికీ మూసుకుపోయింది. "నాకింక పాటలొద్దు" అన్న మాటలో నాకు వినపడుతున్నది అది. ఆయన పోయి ఇన్నేళ్ళయ్యాక మళ్ళీ ఇంకోసారి పోయినట్టుండి ఉంటుంది ఆవిడకి.

అలాంటి మనిషి ముందు మీరు ఫోను సౌండ్ తగ్గించి, తలుపేసుకుని, దొంగచాటుగా వింటున్నారు. ప్రేమతోనే చేస్తున్నారు, నాకు తెలుసు. కానీ దయచేసి మానేయండి. చెవి తగ్గినవాళ్ళకి కన్ను పదునెక్కుతుంది, మీరు తలుపెందుకేశారో ఆవిడకి తెలిసే ఉంటుంది. రోగిష్టి మనిషి ముందు అన్నం దాచుకుని తిన్నట్టుంటుంది అది. మీరు వెళ్ళినప్పుడు ఆవిడ టీవీ కట్టేయడం, మీరు ఇంట్లో తలుపేసుకోవడం, రెండూ ఒకటే పని. ఒకరికొకరు నొప్పి తగలకుండా చూసుకుంటూ ఇద్దరూ ఒంటరివాళ్ళయిపోతున్నారు.

ఒకరోజు వెళ్ళి సూటిగా అనండి: "వదినా, నువ్వు లేకుండా పాట వింటే నాకు వంటపట్టడం లేదు. నీకు పాట పోయినందుకు నాకూ ఏడుపొస్తోంది." అంతకంటే ఏమీ వద్దు. ధైర్యం చెప్పకండి, మిషన్ సెట్టింగు సంగతి ఆ రోజు ఎత్తకండి, పాట పెట్టకండి. ఆవిడ కసురుకుంటే కసురుకోనివ్వండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఈసారి పాట సాయం లేకుండా మీ ఒళ్ళో ఏడవాల్సి వస్తుంది, కొంచెం కష్టం. సెట్టింగు మాట తర్వాతి వారం మాట్లాడుకోవచ్చు.

ఇన్ని చేసినా పాట పాటలా రాకపోవచ్చు, ఆ సంగతీ దాచను. కొందరికి రాదు. అప్పుడు కూడా ఆ నోట్‌బుక్కుతో చేయగలిగిన పని ఒకటుంది. ప్రతి పాట పక్కనా ఖాళీ ఉంటుంది కదా, అందులో ఆ పాట ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో విన్నారో ఇద్దరూ కలిసి రాయండి. ఇది టేపులో అరిగిపోయిన పాట, ఇది వడియాలు పెడుతూ డాబా మీద పాడుకున్నది, ఇది నీ కూతురి పెళ్ళిచూపుల రోజు రేడియోలో వచ్చింది, ఇలా. మీరొకటి అంటే ఆవిడ కాదు ఇంకొకటని దిద్దుతుంది. పోట్లాడుకోండి. కూరల ధరలు వాటంతటవే వెనక్కి పోతాయి.

ఆ పుస్తకం ఇప్పుడు ఎవరింట్లో ఉందో మీరు రాయలేదు. ఆవిడ దగ్గరుంటే, "ఒకసారి చూసిస్తాను వదినా" అని అడగండి. ఎక్కడుందో వెతక్కుండా తీసుకొచ్చి ఇచ్చిందంటే, ఈ మధ్య కూడా ఆవిడ దాన్ని తెరుస్తోందన్నమాట. మిషన్ సెట్టింగు మార్పించాక ఆవిడ ఏమందో నాకు రెండు ముక్కలు రాయండి, ఎదురుచూస్తుంటాను.